‘మందులేమీ ఇవ్వడం లేదు’: ఒక కుక్కలో డి విటమిన్ విషప్రభావం, ఆ తర్వాత తలెత్తిన పోషక లోపం

నేపథ్యం

కుక్కకు గాని పిల్లికి గాని విటమిన్లు విడిగా ఇవ్వాలా అన్న ప్రశ్న నా దగ్గరకు దాదాపు రోజూ వస్తుంది. సమగ్ర సమతుల ఆహారం తింటున్న ఆరోగ్యవంతమైన జంతువుకు అవసరం లేదని చెప్పి పంపేస్తే సరిపోతుందని చాలా కాలం అనుకున్నాను. ఆ జవాబులో తప్పు లేదు. అయితే అది ఎంతవరకు వర్తిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో నాకు నేర్పింది ఈ కేసు. ఒకే కుక్క ముందు విటమిన్ ఎక్కువై ప్రాణం మీదికి తెచ్చుకుంది. కోలుకున్న కొన్ని నెలలకే, నేనిచ్చిన సలహా కారణంగా, పోషకాలు చాలని స్థితికి చేరింది. ఆ కుటుంబం అనుమతితోనే దీన్ని రాస్తున్నాను. వారిని గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ తీసేశాను.

ఆ కుక్క ఆరేళ్ల ఆడ సంకరజాతి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినది, బరువు 12 కిలోలు. ఎదిగిన కుక్కల కోసం తయారైన పొడి ఆహారాన్ని రోజుకు దాదాపు 180 గ్రాములు తినేది. ఆ సంచి మీద ‘సమగ్రం, సమతులం’ అని రాసి ఉంది. ఈ మాటకు పోషణశాస్త్రంలో కచ్చితమైన అర్థం ఉంది. ఫలానా దశలో ఉన్న జంతువుకు కావలసిన పోషకాలన్నీ, విటమిన్లూ ఖనిజాలూ సహా, ఆ ఒక్క ఆహారంలోనే ఉన్నాయని తయారీదారు పూచీ పడుతున్నట్టు లెక్క. విటమిన్ల విషయంలో కుక్క శరీరం మన శరీరం లాంటిది కాదు. సి విటమిన్‌ను అది తన కాలేయంలో తానే తయారు చేసుకుంటుంది. డి విటమిన్‌ను మాత్రం ఎంత ఎండలో తిరిగినా చర్మంలో చాలినంతగా తయారు చేసుకోలేదు. అందుకు ముడిసరుకైన 7-డీహైడ్రోకొలెస్టరాల్‌ను దాని చర్మంలోని ఒక ఎంజైమ్ వేగంగా కొలెస్టరాల్‌గా మార్చేస్తుంది. పిల్లికీ ఇదే వర్తిస్తుంది. అందువల్ల వాటికి డి విటమిన్ అంతా ఆహారం నుంచే రావాలి, సమగ్ర ఆహారంలో దాన్ని కలిపే ఉంచుతారు. ‘కుక్కకు డి విటమిన్ తిండిలోంచే అందాలి’ అన్న మొదటి మాట ఆ యజమానురాలికి ఎవరో చెప్పారు. ‘తిండిలో అది ఇప్పటికే ఉంది’ అన్న రెండో మాట చెప్పలేదు.

ఎదురైన సమస్య

మూడు వారాలుగా కుక్క నీళ్లు విపరీతంగా తాగుతోందనీ, ఎన్నడూ లేనిది ఇంట్లో మూత్రం పోస్తోందనీ, తిండి సగానికి తగ్గిందనీ ఆమె చెప్పారు. ఆ వారంలో మూడు సార్లు వాంతి చేసుకుంది. మలబద్ధకం ఉంది, ఉత్సాహం లేదు. పరీక్షలో ఒంట్లో నీరు కొద్దిగా తగ్గినట్టు కనిపించింది. జ్వరం లేదు, లింఫు గ్రంథులు ఉబ్బలేదు, పొట్ట నొక్కితే నొప్పి లేదు. తోక మొదట్లో వెంట్రుకలు పలచబడి ఉన్నాయని నోట్సులో రాసుకున్నాను గాని ఆ రోజు దాని జోలికి పోలేదు.

అందరినీ అడిగే ప్రశ్నలే ఆమెనూ అడిగాను. టీకాలు వేయించారా, నులిపురుగుల మందు ఎప్పుడిచ్చారు, ఎలుకల మందు లాంటిదేమైనా తిని ఉండవచ్చా, ప్రస్తుతం మందులేమైనా ఇస్తున్నారా? చివరి రెండు ప్రశ్నలకూ ‘లేదు’ అనే చెప్పారు. ఎలుకల మందు గురించి ప్రత్యేకంగా అడగడానికి కారణం ఉంది. వాటిలో ఒక రకంలో ఉండే విషం కోలెకాల్సిఫెరాల్, అంటే డి3 విటమినే. అంటే సరైన అనుమానానికి ఒక్క అడుగు దూరంలో నిలబడి, అది మరో దారిన కూడా రావచ్చునని ఊహించకుండా ముందుకు వెళ్లిపోయాను.

ఆ రోజు నేను మూత్రపరీక్ష మాత్రమే చేశాను. మూత్రం పలచగా ఉంది, ఇన్ఫెక్షన్ లేదు. వాంతులు తగ్గే మందు ఇచ్చి, కుక్క రోజుకు ఎన్ని నీళ్లు తాగుతోందో కొలిచి రాయమని పంపాను. రక్తపరీక్ష కూడా అదే రోజు చేసి ఉండవలసింది. నాలుగు రోజుల తర్వాత ఆమె తెచ్చిన కాగితంలో సగటున రోజుకు 1,900 మి.లీ. అని ఉంది. కిలో బరువుకు 100 మి.లీ. దాటితే అది అతిదాహం కిందికే వస్తుంది, ఈ కుక్క విషయంలో ఆ హద్దు 1,200 మి.లీ. వాంతులు ఆగలేదు. అప్పుడు రక్తం తీశాను.

మొత్తం కాల్షియం డెసిలీటరుకు 15.6 మి.గ్రా. వచ్చింది, మా ప్రయోగశాల గరిష్ఠ పరిమితి 11.5. అయనీకృత కాల్షియం, అంటే ప్రోటీన్లకు అంటుకోకుండా రక్తంలో విడిగా ఉండే భాగం, కూడా చాలా ఎక్కువగా ఉండడంతో, ఇది అల్బుమిన్ అనే రక్తపు ప్రోటీను హెచ్చుతగ్గుల వల్ల వచ్చిన భ్రమ కాదని తేలింది. భాస్వరం 7.2, కిడ్నీల పనితీరును చూపే క్రియాటినిన్ 2.1, రెండూ ఎక్కువే.

మొదటి తర్కం, మొదటి ప్రయత్నం

కుక్క రక్తంలో కాల్షియం ఇంతగా పెరిగితే పశువైద్యుడి మనసు ముందుగా క్యాన్సర్ వైపు వెళ్తుంది, వెళ్లాలి కూడా. లింఫోమా అనే లింఫు కణాల క్యాన్సర్, మలద్వారం పక్కనుండే గ్రంథుల క్యాన్సర్ ఇందుకు ప్రధాన కారణాలు. వాటి తర్వాత, రక్తంలో కాల్షియాన్ని అదుపు చేసే పారాథైరాయిడ్ గ్రంథిలో కణితి, అడ్రినల్ గ్రంథి మందగించడం, దీర్ఘకాల కిడ్నీ జబ్బు, డి విటమిన్ ఎక్కువ కావడం వస్తాయి. ఈ చిట్టాలో దారి చూపింది భాస్వరం. పారాథైరాయిడ్ హార్మోను గాని, దాన్ని పోలిన క్యాన్సర్ హార్మోను గాని కారణమైతే, కిడ్నీలు బాగున్నంత కాలం భాస్వరం తగ్గుతుంది, లేదా మామూలుగా ఉంటుంది. డి విటమిన్ మాత్రం పేగుల నుంచి కాల్షియాన్నీ భాస్వరాన్నీ రెండింటినీ లోపలికి లాగుతుంది. కిడ్నీ విఫలమైనా భాస్వరం పెరుగుతుంది గాని, అప్పుడు సాధారణంగా అయనీకృత కాల్షియం ఇంతగా పెరగదు. పలచని మూత్రాన్నీ పెరిగిన క్రియాటినిన్‌నూ జతచేసి ‘ఇది కిడ్నీ జబ్బే’ అనడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే కాల్షియం ఎక్కువైతే కిడ్నీ మూత్రాన్ని చిక్కబరిచే శక్తిని తాత్కాలికంగా కోల్పోతుంది.

ఇంత తర్కించాక కూడా నేను డి విటమిన్‌ను వెనక్కే నెట్టాను. ఎలుకల మందు తినలేదన్నారు, మందులేమీ ఇవ్వడం లేదన్నారు. ఆ రెండు జవాబులనూ సాక్ష్యంగా తీసుకుని క్యాన్సర్ వెతుకులాటలో పడ్డాను. మలద్వారం లోపల వేలితో పరీక్షించాను, ఛాతీ ఎక్స్‌రే తీశాను, పొట్ట అల్ట్రాసౌండ్ చేయించాను. ఎక్కడా గడ్డ లేదు. కిడ్నీల పైపొర మాత్రం మామూలు కన్నా తెల్లగా కనిపించింది. అడ్రినల్ పరీక్ష సరిగానే వచ్చింది. పారాథైరాయిడ్ హార్మోను, దాన్ని పోలిన ప్రోటీను, ఒంట్లో డి విటమిన్ ఎంత ఉందో చూపే 25-హైడ్రాక్సీ డి విటమిన్ అనే మూడు పరీక్షలకు రక్తం బయటి ప్రయోగశాలకు పంపాను. వాటి ఫలితాలకు పది రోజులకు పైగా పడుతుంది.

చికిత్స అంతవరకు ఆగదు. కాల్షియాన్ని భాస్వరంతో గుణిస్తే ఈ కుక్కకు 112 వస్తుంది. 70 దాటితేనే మెత్తని కణజాలంలో, ముఖ్యంగా కిడ్నీల్లో, సున్నం పేరుకునే ప్రమాదం మొదలవుతుంది. 0.9 శాతం సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాను. నరంలోకి ఎక్కించే మరో ద్రవమైన రింగర్స్ లాక్టేట్‌లో కాల్షియం ఉంటుంది కాబట్టి దాన్ని వాడలేదు. పైగా సెలైన్‌లోని సోడియం మూత్రంలో కాల్షియాన్ని తనతో పాటు బయటికి తీసుకుపోతుంది. ఒంట్లో నీటి లోటు తీరాకే, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే ఫ్యూరోసెమైడ్ కలిపాను, అంతకు ముందే ఇస్తే కిడ్నీకి అందే రక్తం తగ్గి మేలు కన్నా కీడే ఎక్కువవుతుంది. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కాల్షియం ఇంకా వేగంగా దిగేది. అయినా కావాలనే ఆపాను. లింఫోమా ఎక్కడైనా దాగి ఉంటే స్టెరాయిడ్ దాన్ని తాత్కాలికంగా కరిగించి, రోగనిర్ధారణను అసాధ్యం చేయగలదు, తర్వాతి చికిత్సకు లొంగకుండా కూడా చేయగలదు. ఆ రోజు నా చేతిలో ఉన్న సమాచారంతో ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

రెండు రోజుల్లో కాల్షియం 13.2కు దిగింది. సెలైన్ తగ్గించిన మర్నాడే 14.9కి ఎగబాకింది.

సంచిలో దొరికిన జవాబు

సెలైన్ తగ్గించగానే ఇంత వేగంగా తిరిగి పెరగడం చూశాక, కాల్షియం లోపలికి వస్తూనే ఉందని, ఆ వచ్చే దారి ఇంకా తెరిచే ఉందని అనిపించింది. ఆ సాయంత్రం యజమానురాలిని కూర్చోబెట్టి, ఈసారి ‘మందులు’ అన్న మాట వాడకుండా అడిగాను. ‘పొద్దున్న లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా దాని నోట్లోకి ఏమేం వెళ్తాయో ఒక్కొక్కటే చెప్పండమ్మా. గిన్నెలో కలిపేవి, చేతిలో పెట్టేవి, నాకడానికి ఇచ్చేవి, అన్నీ చెప్పండి.’

ఆమె వేళ్లు మడుస్తూ చెప్పుకుంటూ పోయారు. పొద్దున్న విటమిన్ చుక్కలు, మధ్యాహ్నం తిండిలో ఒక చెంచా చేపకాలేయపు నూనె, రెండు పూటలా కాల్షియం సిరప్, ఆదివారం ఆదివారం ఒక గుళిక. ‘మరి మందులేమైనా ఇస్తున్నారా అని మొదటిరోజే అడిగాను కదమ్మా’ అంటే, ఆమె నిజాయతీగా ఆశ్చర్యపోయారు. ‘ఇవి మందులు కావు కదా డాక్టరు గారూ, బలానికిచ్చే విటమిన్లే కదా’ అన్నారు. సీసాలన్నీ తెమ్మన్నాను. మర్నాడు ఒక సంచి నిండా తెచ్చి బల్ల మీద పెట్టారు.

నాలుగు నెలల కిందట కుక్కకు వెంట్రుకలు ఊడడం మొదలైంది. విటమిన్ లోపమని ఎవరో చెబితే చుక్కలు మొదలుపెట్టారు. తగ్గకపోతే నూనె చేర్చారు, ఆ తర్వాత సిరప్ వచ్చి చేరింది. గుళిక మాత్రం మనుషులది. ఆమెకే వారానికొకటి చొప్పున వైద్యుడు రాసిన 60,000 యూనిట్ల డి3 విటమిన్. తనకు నీరసం తగ్గింది కాబట్టి కుక్కకూ తగ్గుతుందనుకుని, మిగిలినవి ఏడు వారాలుగా ఇస్తున్నారు. కుక్క మరింత డీలా పడేకొద్దీ, బలం ఇంకా చాలలేదనుకుని, ఒక్క మోతాదూ తప్పకుండా చూసుకున్నారు. ప్రేమ లేక జరిగింది కాదిది. ఆమె మీద నాకు కోపం రాలేదు, రావలసిన కారణమూ లేదు.

లెక్క వేసి చూస్తే

ప్రతి సీసా మీది అంకెలూ రాసి కూడాను. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006లో ప్రచురించిన పోషకావసరాల ప్రకారం 12 కిలోల ఎదిగిన కుక్కకు రోజుకు దాదాపు 115 యూనిట్ల డి విటమిన్ సరిపోతుంది, సురక్షిత గరిష్ఠ పరిమితి దాదాపు 670. ఈ కుక్కకు పొడి ఆహారం నుంచే 180 యూనిట్ల వరకు అందుతోంది, అంటే అక్కడికే అవసరం తీరిపోయింది. చుక్కల నుంచి 400, సిరప్ నుంచి 500, నూనె నుంచి 450 వచ్చి చేరాయి. గుళికను కలపకముందే మొత్తం 1,500 దాటింది. దేనికది చూస్తే ఏ సీసా మోతాదూ భయపెట్టేది కాదు. కలిపితే మాత్రం గరిష్ఠ పరిమితికి రెట్టింపు దాటిపోయింది.

గుళికను వారం మీద సగటు వేస్తే రోజుకు 8,570. అంతా కలిపితే దాదాపు 10,000 యూనిట్లు, అవసరానికి ఎనభై రెట్లకు పైన. సగటు కూడా అసలు తీవ్రతను దాచేస్తుంది. 60,000 యూనిట్లంటే 1.5 మి.గ్రా. దాన్ని ఒకేసారి 12 కిలోల కుక్కకు ఇస్తే కిలోకు 0.125 మి.గ్రా. పడుతుంది. కిలోకు 0.1 మి.గ్రా. దాటిన ఒక్క మోతాదు కూడా కుక్కలో కాల్షియాన్ని పెంచగలదు. ఈ కుక్క ఆ గీతను వరుసగా ఏడు ఆదివారాలు దాటింది. పైగా డి విటమిన్ కొవ్వులో కరిగేది. నీటిలో కరిగే బి విటమిన్ల మాదిరిగా మిగులు మూత్రంలో పోదు, కొవ్వులో నిలవ చేరి నెలల తరబడి రక్తంలోకి ఊరుతూ ఉంటుంది. సెలైన్ తగ్గించగానే కాల్షియం ఎందుకు ఎగబాకిందో అప్పుడు పూర్తిగా అర్థమైంది. చేపకాలేయపు నూనెలో ఎ విటమిన్ కూడా ఎక్కువే గనుక దాన్నీ లెక్క కట్టాను. అది ప్రమాద స్థాయికి చాలా దిగువనే ఉంది.

ఈ రకం విషప్రభావానికి యజమానుల చేతిలోని సీసాలే కారణం కానక్కర్లేదు. 2018 చివర, 2019 ఆరంభంలో అమెరికాలో డి విటమిన్ పొరపాటున ఎక్కువగా కలిసిన కుక్క ఆహారాలను పలు కంపెనీలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అందుకే ఈ కుక్క తినే పొడి ఆహారాన్ని కూడా ఆ రోజు నుంచే మాన్పించాను. కారణం తెలిసినట్టున్నా, ఒక దారిని అనుమానించకుండా వదిలేసిన పొరపాటు మళ్లీ చేయదలచుకోలేదు.

పని చేసినది

అన్నీ ఆపేసిన రోజే పామిడ్రొనేట్ ఇచ్చాను. కిలోకు 1.5 మి.గ్రా. చొప్పున సెలైన్‌లో కలిపి రెండు గంటల పాటు నెమ్మదిగా ఎక్కించాను. ఇది ఎముకను కరిగించే కణాలను అణచి, ఎముకల నుంచి కాల్షియం రక్తంలోకి రాకుండా ఆపుతుంది. స్టెరాయిడ్‌ను కాదని దీన్ని ఎంచుకోవడానికి కారణం, హార్మోను ఫలితాలు ఇంకా చేతికి రాలేదు. సంచి బలమైన సాక్ష్యమే గాని, విటమిన్లు మింగుతున్న కుక్కకు లింఫోమా రాదన్న నియమం లేదు. మూడు రోజులకు కాల్షియం 11.9కి దిగింది, వాంతులు ఆగాయి. భాస్వరాన్ని పేగుల్లోనే పట్టి ఉంచడానికి అల్యూమినియం హైడ్రాక్సైడ్ ఇచ్చాను. అదే పని చేసే కాల్షియం కార్బొనేట్‌ను అప్పుడు ముట్టుకోకూడదు. ఎనిమిదో రోజున కుక్క ఇంటికి వెళ్లింది.

రెండు వారాలకు కాల్షియం మళ్లీ 12.6 అయింది. ఈలోగా ఫలితాలు వచ్చాయి. పారాథైరాయిడ్ హార్మోను అడుగంటి ఉంది, క్యాన్సర్ సూచించే ప్రోటీను కనబడలేదు, 25-హైడ్రాక్సీ డి విటమిన్ ప్రయోగశాల కొలవగల హద్దును దాటిపోయింది. అల్ట్రాసౌండ్ మరోసారి చేయించినా మార్పేమీ లేదు. ఇక స్టెరాయిడ్‌ను ఆపి ఉంచడానికి కారణం మిగలలేదు. దెబ్బతిన్న కిడ్నీలకు పామిడ్రొనేట్ రెండోసారి ఇవ్వడం కన్నా ప్రెడ్నిసొలోన్ మేలనిపించింది. అది పేగుల నుంచి కాల్షియం రాకను తగ్గించి, మూత్రంలో పోకను పెంచుతుంది. కిలోకు 1 మి.గ్రా.తో మొదలుపెట్టి వారాల మీద తగ్గించుకుంటూ వచ్చాను. ఈ మందు వల్లే దాహం మళ్లీ పెరుగుతుందని ఆమెకు ముందుగానే చెప్పాను, లేకపోతే నీళ్ల గిన్నెను చూసి జబ్బు తిరగబెట్టిందని బెంబేలెత్తేవారు. అయిదో వారానికి కాల్షియం 11.2. స్టెరాయిడ్ ఆపాక కూడా పెరగలేదు. 25-హైడ్రాక్సీ డి విటమిన్ మామూలు స్థాయికి రావడానికి మాత్రం అయిదు నెలలు పట్టింది. క్రియాటినిన్ 1.6 దగ్గర నిలిచిపోయింది. కిడ్నీకి జరిగిన నష్టం కొంత శాశ్వతమే.

ఇక మొదట్లో వెంట్రుకలు ఊడడానికి కారణమేమిటి? కుక్క తేరుకున్నాక తోక మొదట్లో దువ్వెన పెట్టి చూస్తే ఫ్లీలనే గెంతే పేల మలం రాలింది. అది వాటి కాటుకు వచ్చిన ఎలర్జీ. పేల మందు క్రమంగా వాడిన మూడు నెలలకు వెంట్రుకలు తిరిగి వచ్చాయి.

నా వల్ల జరిగిన రెండో పొరపాటు

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు, కాల్షియం, భాస్వరం, డి విటమిన్ తక్కువగా ఉండే ఆహారం కావాలని చెప్పాను. కిడ్నీ జబ్బుకు తయారైన ఆహారం దగ్గర పెడితే కుక్క మొహం తిప్పుకుంది. అందువల్ల ఎముకల్లేని మాంసం, ఉడికించిన ధాన్యం, కొద్దిగా కూరగాయలు ఇంట్లోనే వండి పెట్టమన్నాను. ఆ కొద్ది వారాలకు అది సరైన ఏర్పాటే, కాల్షియం తక్కువ కావడమే అప్పుడు మనకు కావలసింది. ఎప్పటి వరకు అన్నది మాత్రం చెప్పలేదు, కాగితం మీదా రాయలేదు.

అయిదో నెల పరీక్షలో కాల్షియం 9.6 వచ్చింది. సంతోషంగా ఫైలు మూయబోతూ, ఇప్పుడు ఏం తింటోందని అడిగాను. అదే మాంసం, అదే ధాన్యం. ‘మీరే కాల్షియం వద్దన్నారు కదా, ఏమీ కలపడం లేదు’ అన్నారామె గర్వంగా.

రక్తంలో కాల్షియం సరిగా ఉంటే ఆహారంలోనూ సరిగా ఉన్నట్టు కాదు. ఆహారంలో చాలకపోతే పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోంచి తీసి మరీ రక్తంలో స్థాయిని నిలబెడుతుంది, ఎముక బోలవుతున్నా రక్తపరీక్షలో అది కనపడదు. ఎదిగే కుక్కపిల్ల అయితే కొన్ని వారాల్లోనే ఎముకలు వంగడమో విరగడమో జరిగేది. ఎదిగిన కుక్క కాబట్టి పైకేమీ కనపడలేదు. లెక్క వేస్తే, రోజుకు దాదాపు 0.84 గ్రాముల కాల్షియం కావలసి ఉండగా ఆ వంటలో 0.1 గ్రాము కూడా లేదు. మాంసంలో కాల్షియం కన్నా భాస్వరం పదిహేను, ఇరవై రెట్లు ఎక్కువ. డి విటమిన్, ఇ విటమిన్, రాగి, జింక్, అయోడిన్ కూడా చాలినంత లేవు. పారాథైరాయిడ్ హార్మోను ఎక్కువగానే వచ్చింది, అయితే కిడ్నీ జబ్బు ఉన్న కుక్కలో అది రెండు కారణాల వల్లా పెరగవచ్చు గనుక ఆ ఒక్క అంకె మీద ఆధారపడలేదు. ఆహారపు లెక్కే చాలినంత రుజువు.

ఇప్పుడు ఈ కుక్కకు సప్లిమెంట్ నిజంగా అవసరం. ఆమె మాత్రం విటమిన్ అన్న పేరు వింటేనే వణికిపోతున్నారు. నేను రెండు దారులు చెప్పాను: కుక్క తినే సమగ్ర ఆహారాన్ని మళ్లీ మొదలుపెట్టడం, లేదా పోషణ నిపుణుడితో వంటకాన్ని తూకాలతో సహా రాయించి, దానికి సరిపడే విటమిన్ ఖనిజ మిశ్రమాన్ని కొలిచి కలపడం. కుక్క ఇంటి తిండికి అలవాటు పడింది, భాస్వరాన్ని కిడ్నీకి తగ్గట్టు సవరించే వీలు కూడా అందులోనే ఎక్కువ, కాబట్టి రెండో దారి ఎంచుకున్నాం. సీసాలో కొన్న మల్టీవిటమిన్ ఈ పని చేయలేదు. అలాంటి వాటిలో కాల్షియం గ్రాముల లెక్కన ఉండదు, వంటలో లేనివి చాలినంత ఉండవు, ఉన్నవే మళ్లీ కలుస్తాయి. ఈ వంటకానికి రోజుకు 2 గ్రాముల కాల్షియం కార్బొనేట్ పడింది. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో దూరం పెట్టిన పదార్థమే ఇప్పుడు కాల్షియం లోటును తీరుస్తూ భాస్వరాన్ని కూడా పట్టి ఉంచుతోంది.

మిశ్రమంలో డి విటమిన్ ఉందని చూసి ఆమె ఆగిపోయారు. కాగితం మీద లెక్క చూపించాను. కుక్కకు రోజుకు కావలసినది 115 యూనిట్లు, ఆమె ఆదివారం ఇచ్చిన ఒక్క గుళికలో ఉన్నది ఆ కుక్కకు దాదాపు ఏడాదీ అయిదు నెలలకు సరిపడే డి విటమిన్. ఆ అంకెను ఆమె చాలాసేపు చూశారు. తర్వాత గ్రాములు తూచే చిన్న త్రాసు కొన్నారు.

అదే ఇంట్లోని పిల్లి

ఆ సంభాషణలోనే మరో సంగతి బయటపడింది. ఇంట్లో మూడేళ్ల పిల్లి ఉంది. దాని ఆహారపు సంచి మీద డి3 విటమిన్ అని చూసి భయపడి, రెండు నెలలుగా దానికీ కుక్క కోసం వండినదే పెడుతున్నారు. పిల్లి చూడడానికి బాగానే ఉంది. అయినా నేను కుక్క కన్నా దాని గురించే ఎక్కువ కంగారు పడ్డాను. పిల్లి ధాన్యాల్లోనూ కూరగాయల్లోనూ ఉండే బీటా కెరోటిన్‌ను ఎ విటమిన్‌గా మార్చుకోలేదు, ప్రోటీన్లలో ఉండే ట్రిప్టోఫాన్ నుంచి చాలినంత నియాసిన్ అనే బి విటమిన్ తయారు చేసుకోలేదు, మాంసంలో దొరికే టారిన్ అనే అమైనో ఆమ్లాన్ని కూడా తగినంత తయారు చేసుకోలేదు. మాంసం ఉడికించిన నీళ్లు పారబోస్తే అందులోని టారిన్ చాలా వరకు వాటితోనే పోతుంది, ఆ ఇంట్లో జరుగుతున్నది అదే. టారిన్ చాలకపోతే కంటి రెటీనా దెబ్బతింటుంది, గుండె కండరం సాగి బలహీనపడుతుంది. పిల్లుల్లో ఈ గుండె జబ్బుకు టారిన్ లోపం కారణమనీ, టారిన్ ఇస్తే గుండె కోలుకుంటుందనీ 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ పరిశోధకులు ప్రకటించారు. ఆ తర్వాతే పిల్లి ఆహారాల్లో టారిన్‌ను పెంచారు. సమగ్ర ఆహారం తినే పిల్లికి టారిన్ విడిగా ఎందుకు అక్కర్లేదో ఈ చరిత్రే చెబుతుంది: ఇవ్వవలసిన సప్లిమెంట్‌ను తిండిలోనే పెట్టేశారు.

గుండె అల్ట్రాసౌండ్, కంటి పరీక్ష బాగున్నాయి. రక్తంలో టారిన్ తగ్గి ఉంది. పూటకు 250 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు సార్లు ఆరు వారాలు టారిన్ ఇచ్చి, పిల్లి ఆహారానికే తిరిగి మార్పించాను. ఇప్పుడు దానికి విడిగా ఏమీ లేదు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

‘మందులేమైనా ఇస్తున్నారా’ అన్న ప్రశ్నను నా నోట్సులోంచి తీసేశాను. దాని స్థానంలో, నోటి ద్వారా లోపలికి వెళ్లే ప్రతిదాని పేరూ, పరిమాణమూ, ఎన్నాళ్లుగా ఇస్తున్నారన్నదీ అడుగుతున్నాను, సీసాలను ఫోటో తీసి చూపమంటున్నాను. మొదటి రోజే ఇలా అడిగి ఉంటే ఆ వారం ఆదివారపు గుళిక కడుపులో పడేది కాదు. క్యాన్సర్ వెతుకులాటకు అయిన ఖర్చు సంగతి అలా ఉంచితే, 15.6 దగ్గర కిడ్నీ గడిపిన రోజులు తగ్గేవి. క్రియాటినిన్ 1.6 దగ్గర ఆగే బదులు ఇంకా కిందికి దిగేదేమోనన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

విటమిన్లు ఇవ్వాలా అని అడిగిన వారికి ఇప్పుడు నేను జవాబు కన్నా ముందు రెండు ప్రశ్నలు వేస్తున్నాను. తింటున్నది ఏమిటి? విటమిన్ ఏ లక్షణం కోసం ఇవ్వాలనుకుంటున్నారు? తింటున్నది ఆ జాతికీ వయసుకూ తగిన సమగ్ర ఆహారమై, తగినంత తింటూ, బరువు నిలకడగా ఉంటే, సప్లిమెంట్ మీద పెట్టాలనుకున్న శ్రద్ధను ఆ లక్షణం మీద పెట్టమంటాను. ఊడే వెంట్రుకల వెనుక పేలు ఉండవచ్చు, నీరసం వెనుక కీళ్ల నొప్పి ఉండవచ్చు. ఇంట్లో వండి పెట్టేవారికి మాత్రం సప్లిమెంట్ లేకుండా కుదరదని అంతే గట్టిగా చెబుతాను, దాన్ని వంటకంతో పాటు లెక్క కట్టించుకోమంటాను. పేగులు పోషకాలను పీల్చుకోలేని జబ్బులో కోబాలమిన్ (బి12 విటమిన్) లాంటివి ఇవ్వవలసి వస్తుంది. అక్కడ రక్తపరీక్ష చూసి, మోతాదు రాసి, ముగింపు తేదీ వేసి ఇస్తాను. పరిమిత కాలానికి చెప్పే ప్రతి ఆహార నియమం మీదా ఇప్పుడు ముగింపు తేదీ వేస్తున్నాను.

కుక్కకు ఇప్పుడు ఏడున్నరేళ్లు. మొన్నటి పరీక్షలో కాల్షియం 10.1, భాస్వరం 4.2, క్రియాటినిన్ 1.6, 25-హైడ్రాక్సీ డి విటమిన్ మామూలు పరిధిలో ఉంది. రోజుకు 700 మి.లీ. నీళ్లు తాగుతోంది. మిశ్రమం తూచిన రోజూ తూచని రోజూ గుర్తు పెట్టిన ఒక నోటుపుస్తకాన్ని ఆమె ప్రతిసారీ తెస్తారు, ఇప్పటివరకు తూచని రోజులు నాలుగు. తర్వాతి రక్తపరీక్ష ఆరు నెలలకు రాశాను, ఆ తేదీ ఆమె పుస్తకంలోనూ నా ఫైలులోనూ ఉంది.